చీటీ లేకుండా ఇచ్చిన మందు

నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి చార్జ్ తీసుకున్న రోజు అడిగింది: "మేడమ్, ఈ పనిల అన్నిటికన్న ముఖ్యమైనది ఏంది, ఒక్క ముక్కల చెప్పుండ్రి." నవ్వి తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను. ఒక్క ముక్కలో చెప్పగలిగేదైతే నాకు ముప్పై రెండేండ్లు ఎందుకు పట్టేది? కానీ ఇంటికొచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే రాస్తున్నాను. ఆ అమ్మాయికి, ఆమెలాగే ఫార్మసీ చదివి సర్కారు దవాఖానల్లో మందుల కిటికీ వెనక కూర్చోబోయే మీకందరికీ.

ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి, ఆడిట్ల గురించి రాయను. ఆ బాధలు మీకూ వస్తాయి, పోతాయి, వాటివల్ల నేనైతే ఏమీ నేర్చుకోలేదు. నేను నేర్చుకున్నది నా తప్పుల వల్ల. చిన్న తప్పులు చాలా చేశాను. పెద్దది ఒకటి చేశాను. అది నా దోస్తు విషయంలో చేశాను.

కిటికీ

జహీరాబాద్ దవాఖానలో నా కిటికీ అడ్డంగా మూరెడు, నిలువుగా జానెడు. కుర్చీలో కూర్చుంటే అవతలి మనిషి మొగం కనబడదు, చెయ్యి కనబడుతుంది. చీటీ పట్టుకొని లోపలికి వస్తుంది, గోలీలు పట్టుకొని బయటికి పోతుంది. కొన్నేండ్లకు చేతిని బట్టే మనిషిని చెప్పేదాన్ని. కోహీర్ వైపు నుంచి వచ్చే చేతుల గోళ్లలో ఎర్రమట్టి ఉండేది. పత్తి ఏరే రోజుల్లో ఝరాసంగం ఆడవాళ్ల వేళ్ల నిండా గీరలు ఉండేవి. చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద పంక్చర్లు వేసే ఆయన వస్తే చీటీ మీద నల్లటి వేలిముద్ర పడి, డాక్టర్ రాసింది సగం కనబడేది కాదు.

నాకు పని నేర్పింది జబ్బార్ సాబ్, అప్పటి మా పెద్ద ఫార్మసిస్టు. కోపం ముక్కు మీదే ఉండేది. చాయ్ ఆలస్యమైతే ఆ కోపం మా మీదికి వచ్చేది. కానీ ఆయన చేతిలోంచి ఒక్క గోలీ కూడా లెక్క తప్పి పోలేదు. చదువురాని వాళ్లకు రాత్రి వేసుకునే గోలీల షీటు మూల కత్తెరతో కత్తిరించి ఇవ్వాలని ఆయనే చెప్పాడు. చీకట్లో చేత్తో తడిమినా తెలిసిపోవాలి.

చేరిన మొదటి ఏడు ఒకరోజు రద్దీలో నేను ఆ మూల కత్తిరించలేదు. కోహీర్ ముసలాయన ఒకాయన షుగర్ గోలీ ఏదో, బీపీ గోలీ ఏదో తెలియక ఒకటే రెండు పూటలా వేసుకొని బస్సులో పడిపోయాడు. జబ్బార్ సాబ్ నన్ను తిట్టలేదు. వార్డుకు తీసుకుపోయి ఆయన మంచం పక్కన స్టూలు వేసి, "లేసేదాంక ఈడనే కూసో. నీ గోలీ ఏం చేసిందో చూడు" అన్నాడు. సాయంత్రానికి ముసలాయన లేచి చాయ్ అడిగాడు. నేను మాత్రం ఆ స్టూలు మీదినుంచి ఇంకా లేవలేదనే అనుకుంటాను.

జబ్బార్ సాబ్ సూత్రం ఒకటుండేది: "బేటీ, చీటీ చదువు. మొగం చూడకు. మొగం చూస్తె దోస్తులు యాదికొస్తరు, దోస్తులకు రెండు గోలీలు ఎక్కువ పోతయ్." చీటీ అంటే డాక్టర్ చూసి మందు రాసిచ్చిన ఓపీ చీటీ. అది లేకుండా మందు ఇవ్వకూడదు. ఆయన తన సొంత తమ్ముణ్ని కూడా లైన్లో నిలబెట్టేవాడు. మేమంతా వెనక నవ్వుకునేవాళ్లం. ఆయన రిటైరైన వారానికే కిటికీ పక్కనున్న తలుపు తెరుచుకుంది. దవాఖాన సిబ్బంది, వాళ్ల చుట్టాలు, తెలిసినవాళ్లు అటునుంచి వచ్చి, "మేడమ్, జర రెండు జరం గోలీలు" అనేవాళ్లు. ఇచ్చేదాన్ని. మర్యాద అనుకున్నాను. ఇప్పుడు అడిగితే బద్ధకం అంటాను.

పక్క తలుపులోంచి బాలమణి

ఆ తలుపులోంచి ఎక్కువగా వచ్చింది బాలమణి. మేమిద్దరం ఐదో తరగతి దాకా ఒకే బెంచీ. నేను చదువుకుంటూ పోయాను, ఆమె పొయ్యి దగ్గరికి పోయింది. పెనిమిటి తొందరగానే పోయాడు, పిల్లల్లేరు. బస్టాండు దగ్గర జొన్నరొట్టెల బండి పెట్టుకొని ఒంటిచేత్తో బతికింది. పొద్దంతా పెనం ముందే నిలబడేది కాబట్టి ఎడమ దవడలో ఎప్పుడూ తంబాకు, నలిపిన పొగాకు, ఉండేది. అది ఉంటే ఆకలి తెలియదనేది. మందుల గురించి ఊరందరికీ చెప్పే నేను, ఆ తంబాకు గురించి ఆమెకు గట్టిగా ఒక్కసారి కూడా చెప్పలేదు. దోస్తుతో ఏం పేచీ అనుకున్నాను.

మధ్యాహ్నం నాలుగు రొట్టెలు, ఎల్లిపాయ కారం బట్టలో చుట్టుకొని వచ్చేది. స్టోరు గదిలో అట్టపెట్టెల మీద కూర్చొని ఇద్దరం తినేవాళ్లం.

ఒకరోజు, "నాలుక పక్కకు పుండయిందే. కారం తాకితె సురుక్కుమంటుంది" అన్నది. బీకాంప్లెక్స్ గోలీలు పది, పూతమందు ఒకటి ఇచ్చాను. రెండు వారాల తర్వాత మళ్లీ అడిగింది, మళ్లీ ఇచ్చాను. ఆ తర్వాత ఆమె రొట్టెలు తెచ్చేది కానీ, "నువు తిను, నేను తిని వచ్చిన" అనేది. ఒకరోజు రొట్టెను పప్పు నీళ్లలో నానబెట్టుకొని కుడిపక్కకు వేసుకొని నమలడం చూశాను. చూసి కూడా నా రొట్టె నేను తిన్నాను. ఇంకో పూతమందు ఇచ్చాను.

ఇది ఎట్లా బయటపడిందో చెబుతాను. ఒక సోమవారం కిటికీలోంచి చీటీ వచ్చింది. ఝరాసంగం రైతు, ముందెప్పుడూ చూడని మనిషి. నోట్లో పుండని, పట్నం పెద్ద దవాఖానకు పోవాలని డాక్టర్ రాసింది. ఆయనకు అర్థం కాక, "గింత పుండుకు పట్నం ఎందుకమ్మా?" అన్నాడు. నాకు నోటికొచ్చిన పాఠమే అది. "పెద్దాయనా, నోట్ల పుండు రెండు మూడు వారాలల్ల మానకపోతె ముక్క తీసి పరీక్ష చెయ్యాలె. నొప్పి లేదని ఊకోవద్దు" అని గడగడా చెప్పి చీటీ వెనక్కి ఇవ్వబోయాను. చెయ్యి సగంలో ఆగిపోయింది.

వేళ్ల మీద లెక్కబెట్టుకున్నాను. బాలమణి మొదటిసారి అడిగి పదకొండు వారాలు. ముక్కూమొగం తెలియని మనిషి లైన్లో నిలబడి, చీటీ రాయించుకొని, డాక్టర్‌కు నోరు చూపించుకొని, సరైన మాట విని పోతున్నాడు. నా దోస్తుకు మాత్రం నేను పక్క తలుపులోంచి పూతమందు ఇస్తూ కూర్చున్నాను.

లైన్లో ఇంకా ఇరవై మందిదాకా ఉన్నారు. వాళ్లందరికీ మందులిచ్చాకే లేచాను. ఆ ఇరవై చీటీలు చదవడం ఎంత కష్టమైందో నాకే తెలుసు.

పెనం ముందు టార్చిలైటు

బండి దగ్గరికి పోయేసరికి పెనం మీద రొట్టె ఉంది. సెల్‌ఫోన్ లైటు వేసి, "నోరు తెరువు" అన్నాను.

"ఏందే సరోజా, గిరాకున్నది. రొట్టె మాడుతది."

"మాడనియ్. తెరువు."

తినడానికి నిలబడ్డ బస్సు కండక్టర్లు ఇద్దరు చూస్తుండగానే తెరిచింది. నాలుక ఎడమ అంచున చిటికెన గోరంత పుండు, చుట్టూ తెల్లగా ఉంది. చేతులు కడుక్కొని వేలితో తాకాను. అంచు గట్టిగా ఉంది.

"నొప్పి కూడ లేదే ఇప్పుడు," అన్నది.

"లేదనే నాకు భయం అయితుంది. నడువు."

"బండి ఎవరు సూస్తరు?"

పక్కనే పూలమ్మే సత్తెమ్మ, బాలమణి మరదలు, లేచి వచ్చి పెనం ముందు నిలబడింది. ఆ నిలబడ్డది తర్వాత ఎన్నో నెలలు నిలబడింది.

మా డాక్టరమ్మ వయసులో నాకంటే చాలా చిన్నది. నోరు చూసి ఎన్ని రోజులైందని అడిగింది. బాలమణి నోరు విప్పకముందే నేనే చెప్పాను, పదకొండు వారాలని, మందు నేనే ఇచ్చానని. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మీరు ఫార్మసిస్టా, పక్కింటి వదినా?" అన్నది. నా సర్వీసంతటిలో ఏ పెద్దసారూ నన్ను అంత సరిగ్గా తిట్టలేదు.

పట్నంలో ముక్క తీశారు. రిపోర్టు వచ్చేదాకా పది రోజులు. ఆ పది రోజులూ బాలమణి రొట్టెలు చేసింది, నేను మందులిచ్చాను, ఇద్దరం ఆ ముచ్చట ఎత్తలేదు. రిపోర్టు చూసి అక్కడి డాక్టర్, క్యాన్సరేనని, అయితే మొదటి దశ అని, తొందరగానే పట్టుకున్నామని అన్నాడు. తొందరగా అన్న మాటకు నాకు ఏడుపొచ్చింది. ఇంకా తొందరగా పట్టుకోవాల్సింది నేనే. ఆ మాట బాలమణికి చెప్పాలి. చెప్పలేదు. ముందు ఆపరేషన్ అయిపోనీ అనుకున్నాను, ఆపరేషన్ అయ్యాక పుండు మాననీ అనుకున్నాను. వాయిదాలు వేసుకుంటూ పోయాను.

ఖర్చు అంటే ఏది

ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటి. క్యాన్సర్ అనగానే అందరూ ఆపరేషన్‌కు ఎంత అని అడుగుతారు. బాలమణి ఆపరేషన్ సర్కారు ఆరోగ్య కార్డు మీదే అయింది. బీదవాళ్లను మధ్యలో ఆపేసేది ఆ ఖర్చు కాదు. పట్నంలో ఉండే గది, రోజూ ఆటో, మెత్తటి తిండి, తోడు వచ్చే మనిషి పోగొట్టుకునే కూలి, ఆగిపోయే బండి. వీటికి ఏ కార్డూ లేదు. మీ కిటికీ దగ్గరికి పట్నం కాగితాలతో ఎవరైనా వస్తే, "ఆడ యాడ ఉంటున్రు, ఎవరు తోడున్నరు?" అని అడగండి. ఆ జవాబును బట్టి ఆ మనిషి వైద్యం పూర్తి చేస్తాడో లేదో చెప్పవచ్చు.

నాలుక ఎడమ అంచు కొంత తీసేశారు. మాట ముద్దగా వచ్చేది. తర్వాత ఆరు వారాలు కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్‌ను మా దగ్గర కరెంటు అనే అంటారు. వారానికి ఐదు రోజులు, ఒక్క రోజూ తప్పొద్దు. బాలమణి ఖరాఖండిగా వద్దన్నది. "తీసెయ్యాల్సింది తీసేసిన్రు. ఆరు వారాలు పట్నంల పండుకుంటె నా బండి జాగాల ఇంకోడు నిలవడ్తడు."

అప్పుడు నేను రెండో తప్పు చేశాను. నా పీఎఫ్‌లోంచి తీసి ఇస్తానన్నాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "రేపటి సంది నీకు రొట్టెలు తేను" అన్నది. నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. మధ్యాహ్నం రొట్టె తెచ్చిచ్చే మనిషికి పైసలు చూపిస్తే ఎట్లుంటుందో నాకు తెలిసి ఉండాల్సింది.

ఐదో రోజు బండి దగ్గరికే పోయాను. నాకు సెలవు ఉంది. సర్కారు కొలువులో మేమంతా సంపాదించిన సెలవును వాడుకోకుండా కూడబెడతాం, రిటైరైనప్పుడు పైసలు చేసుకోవచ్చని. జ్వరం వచ్చినా డ్యూటీకి పోయి కాపాడుకున్న సెలవు అది. "ఆరు వారాలు సెలవు రాసిచ్చిన. సాంక్షన్ అయింది. నువు రాకుంటె నేనొక్కదాన్నే పోయి పట్నంల కూసుంట" అన్నాను.

సత్తెమ్మ రొట్టె తిప్పుతూ, "జాగ నేను ఇడువ వదినా, ఎవడొస్తడో సూస్త" అన్నది.

బాలమణి చాలాసేపు పిండి పిసికింది. తర్వాత చేతులు కడుక్కుంది.

నాలుగో వారం

దవాఖాన వెనక గల్లీలో ఒక గది తీసుకున్నాం. పొద్దున లైన్లో కూర్చునేవాళ్లం. ఇన్నేండ్లు కిటికీకి ఇవతల కూర్చున్న నేను మొదటిసారి అవతల కూర్చున్నాను. కిటికీలోని మనిషి తల ఎత్తకుండా, "నెక్స్ట్" అంటే ఎట్లుంటుందో అప్పుడు తెలిసింది. మీరు కొలువులో చేరేముందే ఒక వారం ఏదో ఒక దవాఖాన లైన్లో నిలబడి చూడండి. కాలేజీలో చెప్పని చాలా సంగతులు అక్కడ తెలుస్తాయి.

రెండో వారానికి నోరంతా పూసింది. జొన్నపిండి పలచగా కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి చెంచాతో ఇచ్చేదాన్ని. గింజ తగిలితే కళ్లలో నీళ్లు తిరిగేవి, అందుకని బట్టలో వడగట్టేదాన్ని. ఊళ్లో అందరికీ కారం రొట్టె పెట్టిన మనిషి చప్పటి అంబలి గుటక వెయ్యలేక తల గోడకు ఆనించుకునేది.

నాలుగో వారం బుధవారం లైనుకు పోయే వేళ బట్టలు సంచిలో కుక్కుకుంది. "సాలే. నేను పోత. సచ్చినా బండి కాడ సస్త" అన్నది. సంచి లాక్కోలేదు నేను. బస్‌స్టాప్ దాకా వెనకే పోయాను. జహీరాబాద్ బస్సు ఒకటి వచ్చింది. ఆమె మెట్టు మీద కాలు పెట్టబోతుంటే, నెలల నుంచి గొంతులో ఆగిన మాట అప్పుడొచ్చింది.

"బాలమణీ, నిన్ను గింత దూరం తెచ్చింది నేనే. మొదటి దినమే డాక్టర్ కాడికి తోలుకపోవాల్సింది. పదకొండు వారాలు చీటీ లేకుండ మందిచ్చిన. ముందుగాల సూపిస్తె ఈ కరెంటు దాంక రాకుంటుండెనేమో. నన్ను తిట్టు. కొట్టు. గని సగంల ఇడిసిపెట్టి పోకు. నువు పోతె ఆ కిటికీల నేను ఎట్ల కూసుంట?"

ఆమె కాలు వెనక్కి తీసుకుంది. కండక్టర్ విజిల్ వేశాడు, బస్సు పోయింది. స్టాప్‌లో సిమెంటు అరుగు మీద కూర్చుంది. ఆ నోటితో ఒక్కో మాటా కూడదీసుకొని మాట్లాడింది.

"నాకెర్కనే అది."

"ఏం ఎర్క?"

"లైన్ల నిలవడి డాక్టర్ కాడికి పోతె నోరు సూస్తడని ఎర్క. ఏమని చెప్తడో అని భయం. నువ్వైతె సూడవు, మందిస్తవు. గందుకే నీ కాడికి వచ్చిన."

మేమిద్దరం అట్టపెట్టెల మీద కూర్చొని పదకొండు వారాలు ఒకరికొకరం సాయపడ్డాం, చూడకుండా ఉండటానికి. ఆమె భయంతో వచ్చింది, నేను మొహమాటంతో ఇచ్చాను. పక్క తలుపు అందుకే అంత బాగా తెరుచుకుంది.

కాసేపటికి ఆమే లేచింది. "నడువు. పేరు పిలుస్తరు" అన్నది. సంచి నేను అందుకున్నాను, ఈసారి వదిలింది. ఆ రోజు మా పేరు రెండుసార్లు పిలిచి పక్కన పెట్టారు, అందరికంటే చివర బాలమణి లోపలికి పోయింది. ఆ రోజు తప్పలేదు. మిగతా రోజులు కూడా ఒక్కటీ తప్పలేదు.

మీకు చెప్పదలచుకున్నది

తిరిగొచ్చిన రోజే పక్క తలుపుకు లోపలినుంచి గొళ్లెం పెట్టాను. సిబ్బంది మొగాలు మాడ్చుకున్నారు. "మేడమ్‌కు గర్వం వచ్చింది" అన్నారు. అననీ అనుకున్నాను. మీరూ పెట్టండి. మీ అమ్మ వచ్చినా చీటీ రాయించుకొని రమ్మనండి. మీరే తోలుకపోయి లైన్లో నిలబడితే ఇంకా మంచిది.

జబ్బార్ సాబ్ మాట సగమే సరైనదని ఇప్పుడు నా అభిప్రాయం. చీటీ చదవండి, అది తప్పదు. కానీ మొగం కూడా చూడండి. అదే పుండుకు అదే మనిషి మళ్లీ వస్తే చీటీ ఆ సంగతి చెప్పదు, మొగం చెబుతుంది. తల వంచి కిటికీలోంచి చూడటానికి నిమిషం కూడా పట్టదు. మెడ నొప్పి వస్తుంది, నాకు వచ్చింది. ఆ నొప్పికి కూడా చీటీ రాయించుకున్నాకే మందు తీసుకున్నాను.

బాలమణికి తంబాకు పోయింది, కారం ఇంకా పూర్తిగా పడదు. మూడు నెలలకోసారి పట్నం పోయి చూపించుకుంటుంది. ఇప్పటిదాకా మళ్లీ ఏమీ కనబడలేదు. రేపటి సంగతి డాక్టర్లే మాట ఇవ్వరు, నేనెట్లా ఇస్తాను? మాట మాత్రం ముద్దగానే ఉంది. బండి దగ్గర ఎవరైనా, "ఏమన్నవ్?" అని రెండోసారి అడిగితే, సిగ్గుపడకుండా రెండోసారీ చెబుతుంది.

నా కొలువు చివరి రోజు లైను పెద్దగా ఉంది. దండలు, ఫోటోలు మధ్యాహ్నం అన్నారు, అందాకా మందులిస్తూనే ఉన్నాను. కిటికీలోకి ఒక చెయ్యి వచ్చింది. వేళ్ల మీద పాత కాలిన మచ్చలు, గోళ్లలో జొన్నపిండి. ఆ చెయ్యి ఇంకో ఆడమనిషి మణికట్టు పట్టుకొని ఉంది. ఆ రెండో చేతి బొటనవేలికి తంబాకు నలిపిన మరక. చిరాగ్‌పల్లి నుంచి కూరగాయలు తెచ్చి బండి పక్కన అమ్మే ఆమె అని తర్వాత తెలిసింది.

అంతసేపు లైన్లో నిలబడిందని నాకు ప్రాణం ఉసూరుమన్నది. చివరి రోజు కదా అని లేచి పక్క తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాను. "లోపలికి రావే, కూసో" అన్నాను.

బాలమణి కదల్లేదు. చీటీ కిటికీలోంచి నా ముందుకు తోసింది.

"డాక్టరమ్మ సూసింది. మొదలు ఇది సదువు," అన్నది.

గొళ్లెం వదిలి వచ్చి కూర్చున్నాను. చీటీ చదివాను. తర్వాత తల వంచి, ఆ కొత్తామె మొగం చూశాను.